కదలని మర వెనుక కెమిస్ట్రీ
పాత లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌లో పగిలిన చెక్క మార్చాలన్నా పదార్థ శాస్త్రం తెలియాలి

పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో దశాబ్దాల పాటు తయారైన లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు మన దేశంలో పోలీసుల చేతుల్లో చాలా కాలం ఉన్నాయి. భుజానికి ఆనించుకునే వెనుక చెక్క, అంటే బట్, పగిలితే దాన్ని మార్చాలి. దాన్ని పట్టి ఉంచేది ఒకే ఒక్క పొడవాటి బోల్టు. ఏళ్ల తరబడి కదలని ఆ బోల్టును బలప్రయోగంతో తిప్పితే బట్‌తో పాటు ముందు చెక్క కూడా పోతుంది.

తుప్పు ఎందుకు బిగిస్తుంది?

ఇనుము తేమతో, ఆక్సిజన్‌తో కలిసి తుప్పుగా మారినప్పుడు దాని ఘనపరిమాణం రెండింతలకు పైగా పెరుగుతుంది. మరల మధ్య ఉన్న సన్నని ఖాళీలో అంత చోటు ఉండదు. అందుకే తుప్పు రెండు వైపులా ఒత్తి, బోల్టును చీలలా బిగించేస్తుంది.

రైఫిల్‌లో దీనికి మరికొన్ని కారణాలు తోడవుతాయి. పాత .303 తూటాల ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలిన తర్వాత మిగిలే పొటాషియం క్లోరైడ్ ఉప్పు లాంటిదే. గాలిలోని తేమను పీల్చుకుని ఉక్కును తినేస్తుంది. ఇక బట్ చివర ఇత్తడి పలక, దానికి ఉక్కు స్క్రూలు ఉంటాయి. తడి తగిలితే ఈ రెండు లోహాలూ చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి. అందులో ముందుగా క్షీణించేది ఉక్కే.

నూనె, వేడి, చిన్న దెబ్బ

కేశనాళికా చర్య వల్ల పలుచని నూనె సన్నని సందుల్లోకి తనంతట తానే పాకుతుంది. అది తుప్పును కరిగించదు, ఘర్షణను తగ్గిస్తుంది. అందుకే గంటల తరబడి, అవసరమైతే రాత్రంతా వేచి ఉండాలి. అయితే నూనె ఎక్కువైతే చెక్కలోకి ఇంకి దాన్ని మెత్తబరుస్తుంది. చుక్కలుగానే వేయాలి.

వేడి రెండో మార్గం. 6 మిల్లీమీటర్ల ఉక్కు స్క్రూ ఉష్ణోగ్రత 200 డిగ్రీలు పెరిగితే దాని వ్యాసం సుమారు 0.014 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఇది తల వెంట్రుక మందంలో ఐదో వంతు మాత్రమే. అయినా పెళుసైన తుప్పు పొర చిట్లడానికి అది చాలు. చల్లారేటప్పుడు స్క్రూ ముడుచుకుని నూనెకు దారి ఇస్తుంది. ఇందుకు స్క్రూ తలపై సోల్డరింగ్ ఐరన్ ఆనించాలి. గ్యాస్ మంట వాడితే గట్టిపరిచిన ఉక్కు మెత్తబడి, రైఫిల్ ప్రమాదకరంగా మారవచ్చు.

తలపై నిలువుగా వేసే తేలికపాటి దెబ్బలు కూడా తుప్పును పగలగొడతాయి. స్క్రూడ్రైవర్ మొన గాడిలో పూర్తిగా, అంచులు సమాంతరంగా కూర్చోవాలి. చీల ఆకారపు మొన తిప్పేకొద్దీ పైకి జారి గాడిని చెరిపేస్తుంది.

ముందు ఏది విప్పాలి?

పాత నమూనాలో బట్ బోల్టు ముందు కొన చతురస్రాకారంలో ఉంటుంది. అది ముందు చెక్క వెనుక భాగంలోని చిన్న లోహపు పలకలో ఇమిడి ఉంటుంది. ముందు చెక్క తీయకుండా బోల్టు తిప్పితే ఆ పలక కూడా తిరిగి చెక్కను చీల్చేస్తుంది. కాబట్టి ముందు చెక్క విప్పాకే బోల్టు జోలికి వెళ్లాలి. బోల్టు తలకు అడ్డుగా ఉండే తోలు ముక్కను కూడా ముందే తీయాలి. లేకపోతే స్క్రూడ్రైవర్ గాడికి చేరదు.

ఇవన్నీ తూటాలు లేవని నిర్ధారించుకున్న తర్వాత, చట్టబద్ధమైన అనుమతి ఉన్న నిపుణులే చేయాల్సిన పనులు. కొత్త బట్ బిగించేటప్పుడు మరలకు పలుచగా గ్రీజు రాస్తే తేమ లోపలికి చేరదు. మళ్లీ విప్పాల్సిన రోజు వస్తే ఆ పని చేసేవారికి శ్రమ తగ్గుతుంది.

పాత కుట్టుమిషన్, నీటి పంపు, సైకిల్ ఇరుసు, ఏది మొరాయించినా సూత్రం ఇదే. బలం పెంచే ముందు ఘర్షణ తగ్గించాలి, ఏ భాగం దేన్ని పట్టి ఉంచిందో తెలుసుకోవాలి.