కంప్యూటర్‌లో రంగుటద్దాల మర్రిచెట్టు

ఇంటి ముందు కాస్త జాగా ఉంటే చాలు, తులసికోట, నాలుగు పూలకుండీలు పెట్టుకోని ఇల్లాలు ఉండదు. ఆ కుండీల మధ్య ఎండకి రంగులు చిమ్మే అద్దాల బొమ్మ ఒకటి వేలాడుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. దీన్నే స్టెయిన్డ్ గ్లాస్ అంటారు. రంగు అద్దాన్ని ముక్కలుగా కోసి, సన్నటి సీసం పట్టీలతో అతికే పని ఇది. అద్దం ఖరీదెక్కువ, కోత కష్టం. ఒక్క కోత పక్కకి పోయిందా, పలకంతా దండగే. అందుకే ముందు బొమ్మని కంప్యూటర్‌లో గీసి చూసుకోవడం మేలు. అక్కడ ఎన్నిసార్లు చెరిపి గీసినా పైసా ఖర్చుండదు.

మెదక్ చర్చి నేర్పే పాఠం

రంగుటద్దాల అందం చూడాలంటే మనవాళ్లు మెదక్ చర్చికే వెళ్లాలి. 1924 డిసెంబరు 25న ప్రారంభమైన ఆ చర్చిలో క్రీస్తు జననం, శిలువ, ఆరోహణం చూపే మూడు పెద్ద కిటికీలున్నాయి. పగలు లోపల నిలబడి చూస్తే రంగులు వెలిగిపోతాయి. పొద్దు గూకితే అవే అద్దాలు నల్లబడిపోతాయి. అంటే అద్దం రంగంతా దాని వెనకనుంచి వచ్చే వెలుతురులోనే ఉంది. కంప్యూటర్‌లో గీసేటప్పుడైనా, పెరట్లో తగిలించేటప్పుడైనా ఈ ఒక్క మాట మరవకండి.

చేవెళ్ల మర్రి ఎందుకు?

నెమలి, గులాబీ, చిలక... ఏదైనా గీసుకోవచ్చు. కానీ మొయినాబాద్ మీదుగా చేవెళ్ల వెళ్లే దారి పొడవునా ఉన్న మర్రిచెట్లని చూడండి. హైదరాబాద్ - బీజాపూర్ రోడ్డు మీద నిజాం కాలం నాటి మర్రులు దాదాపు 900 ఉన్నాయని లెక్క. రోడ్డు వెడల్పు పనులొచ్చేసరికి వీటి సంగతి హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఏ చెట్టు నిలుస్తుందో, ఏది పోతుందో మన చేతిలో లేదు. మీ ఊరి చెట్టుని ఇప్పుడే ఒక ఫోటో తీసి పెట్టుకోండి. వాహనాలు జోరుగా పోయే దారి అది. రోడ్డు దిగి, పక్కన నిలబడి తీయండి.

పైగా అద్దాల బొమ్మకి మర్రిని మించింది లేదు. కొమ్మనుంచి నేల దాకా దిగిన ఊడలే సీసం గీతలు. వాటి మధ్య కనిపించే ఆకాశమే అద్దం ముక్కలు. సగం పని చెట్టే చేసిపెడుతుంది.

కావలసినవి

ఒక కంప్యూటర్, మౌస్, చెట్టు ఫోటో, ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్. ఇది పూర్తిగా ఉచితం, 2003 నుంచీ ఉంది. పిల్లల్ని అడిగితే ఎక్కించిపెడతారు.

గీసే విధానం

1. ఏ4 కాగితం సైజు పెట్టుకోండి. కంట్రోల్ నొక్కిపట్టి గుండ్రటి వలయం గీయండి. పైనున్న గడుల్లో వెడల్పు, ఎత్తు 180 మిల్లీమీటర్లు పెట్టండి. ఇదే బొమ్మ చట్రం.

2. లేయర్లు మూడు చేసుకోండి. అడుగున ఫోటో, మధ్యలో రంగులు, అన్నిటికన్నా పైన గీతలు. చట్రాన్ని గీతల లేయర్‌లోనే ఉంచండి. ఫోటో ఒపాసిటీ సగానికి తగ్గించి, ఆ లేయర్‌కి తాళం వేసేయండి, కదలదు.

3. పై లేయర్‌లో పెన్ టూల్‌తో కాండం, కొమ్మలు, ఊడలు గీయండి. నొక్కి లాగితే వంపు వస్తుంది, ఎంటర్ నొక్కితే గీత ముగుస్తుంది. ఫిల్ అండ్ స్ట్రోక్‌లో ఫిల్ తీసేసి, స్ట్రోక్ నలుపు, మందం 4 మిల్లీమీటర్లు పెట్టండి. చట్రానికీ ఇంతే.

4. ఫోటో కనపడకుండా కన్ను గుర్తు నొక్కి మూసేయండి. పెయింట్ బకెట్ కంటికి కనిపించే దాన్నిబట్టే రంగు నింపుతుంది, ఫోటో కనిపిస్తుంటే గందరగోళమే.

5. మధ్య లేయర్ ఎంచుకుని ఒక్కో గదిలో రంగు పోయండి. గీతల మధ్య సందుంటే రంగు పక్క గదిలోకి కారుతుంది. అప్పుడు క్లోజ్ గ్యాప్స్‌లో స్మాల్ పెట్టి మళ్లీ పోయండి.

6. ఇప్పుడు వెలుతురు. గదికి ఒకే చదును రంగు ఉంటే ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది. రేడియల్ గ్రేడియంట్ పెట్టి, సూర్యుడున్న వైపు అదే రంగుని లేతగా, రెండోవైపు ముదురుగా చేయండి. అన్ని గదుల్లోనూ వెలుతురు ఒకే దిక్కునుంచి రావాలి. బొమ్మ వెనక నేపథ్యం లేత పసుపో, తెలుపో ఉండనివ్వండి.

7. నల్ల గీతల మీద బూడిదరంగులో సన్నగీత ఇంకొకటి వేస్తే సీసం మెరుపు వస్తుంది. కింద నేలమీద అవే రంగుల నీడ గీసి బ్లర్ పెంచితే బొమ్మ నిజంగా ఎండలో వేలాడుతున్నట్టే ఉంటుంది.

అద్దం ఒప్పుకునే గీతలు

కంప్యూటర్ ఏ గీతకైనా ఊఁ అంటుంది, అద్దం అనదు. అద్దం మీద గాటు ఒక అంచునుంచి ఇంకో అంచుదాకా పోతుంది. మధ్యలో ఆగిపోయే ఊడ గీశారంటే కోయడం కుదరదు. దాన్ని నేలకో, పక్క ఊడకో కలపండి. లోపలికి పొడుచుకొచ్చిన మూలలు పెట్టకండి, అద్దం అక్కడే పగులుతుంది. రూపాయి బిళ్లకన్నా చిన్న ముక్క వద్దు. ఆకులన్నీ గీయకండి, గుబురుకి నాలుగైదు ముక్కలు చాలు. మొదటిసారికి మొత్తం ముప్ఫై ముక్కలు దాటనివ్వకండి.

బొమ్మ పెరట్లోకి

అసలు సైజులోనే ప్రింట్ తీసి అద్దం పనివారికిస్తే అదే కోత నమూనా. సొంతంగా చేయాలనుకునేవారు మామూలు అద్దం కింద ఈ కాగితం పెట్టి గ్లాస్ పెయింట్‌తో వేసుకోవచ్చు. అద్దం అంచులు నూరించుకోండి. వేసిన బొమ్మ వానకి తడవకుండా వరండాలో ఉంచండి.

సీసంతో మాత్రం జాగ్రత్త. సీసం విషం. ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోండి, టంకం పొగ పీల్చకండి. ఆ పని వంటింట్లో వద్దు, చిన్నపిల్లలున్న చోట అసలే వద్దు.

ఇక తగిలించేది తూర్పు వైపు. ఉదయం ఎండ బొమ్మ వెనకనుంచి పడాలి, మీరు దీనికి ఇవతల ఉండాలి. గట్టి కొక్కేనికి రాగి తీగతో కట్టండి, పిల్లల తలలకి తగలనంత ఎత్తులో. పొద్దున ముగ్గు వేసేవేళకి ఆకుపచ్చ, నీలం వెలుగులు నేలమీద పరుచుకుంటాయి. మీ ఊరి మర్రి మీ గుమ్మంలో ఉన్నట్టే.