సూక్ష్మజీవులను పసిగట్టు గాయపు కట్లు

కాలిన గాయముతో నున్న బిడ్డకు జ్వరము వచ్చినచో వైద్యునకు చిక్కు సమస్య ఎదురగును. గాయములో హానికరమైన సూక్ష్మజీవులు చేరుటవలన జ్వరము రావచ్చును; అవి లేకయు రావచ్చును. కట్టు విప్పి చూచినచో బిడ్డకు బాధ; క్రొత్తగా ఏర్పడుచున్న చర్మమునకు హాని. ఊహతో యాంటీబయాటిక్ ఇచ్చినచో వేరొక ప్రమాదము. అనవసరముగా వాడినకొలది ఆ మందునకు లొంగని బాక్టీరియాలే మిగిలి వృద్ధిచెందును. నిజముగా కావలసిననాడు మందు పనిచేయదు.

1867 లో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లముతో తడిపిన కట్లు చీమును నివారించునని ప్రకటించెను. అయితే అట్టి మందులు శత్రుమిత్ర భేద మెరుగవు. మొదటి ప్రపంచయుద్ధకాలమున అలెగ్జాండర్ ఫ్లెమింగ్, లోతైన గాయములలో క్రిమిసంహారకములు బాక్టీరియాలకంటె తెల్లరక్తకణములకే ఎక్కువ హాని చేయుచున్నవని చూపెను. కావున అవసరమైనపుడు మాత్రమే మందు విడుచు కట్టు కావలెను. అవసరము వచ్చినదని కట్టునకు తెలియు టెట్లు?

బాక్టీరియాల ఆయుధమే ఆ వార్తను తెలుపును. స్టఫైలోకోకస్ ఆరియస్, సూడోమోనాస్ ఏరుగినోసా అను హానికర బాక్టీరియాలు విషములను స్రవించి మన కణముల పొరలను ఛేదించును. ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయమున టోబీ జెంకిన్స్ బృందము ఈ గుణమునే సాధనముగా గ్రహించినది. కణపు పొరను పోలిన కొవ్వుపొరతో అతిసూక్ష్మమైన బుడగలను చేసి, వానిలో సూక్ష్మజీవనాశకమును నింపి, 2010 లో ఫలితములను ప్రకటించినది. అట్టి విషములు లేనిచో బుడగలు చెక్కుచెదరవు. విషము తగిలినచో బుడగ చిట్లును. లోని మందు వెలువడి విషము స్రవించినవానినే చంపును. దొంగ పగులగొట్టిన తలుపే వాని నడ్డగించుటకు దారియైనట్లు!

మందునకు బదులు ఫ్లోరెసీన్ జాతి రంగును నింపినచో కట్టు వార్తాహరుడగును. బుడగలో చిక్కగా ఇరికియున్నపుడు రంగు అణువులు ఒకదాని వెలుగు నొకటి అణచును. బయటికి వచ్చి పలుచబడినపుడు అతినీలలోహిత కాంతిలో ఆకుపచ్చగా మెరయును. కట్టు విప్పకయే వైద్యుడు అపాయమును గుర్తింపవచ్చును.

మరియొక మార్గము లిట్మసు ప్రయోగము చేసిన విద్యార్థులకు సులభముగా బోధపడును. ఆరోగ్యవంతమైన చర్మపు ఉపరితలము ఆమ్లగుణము కలది, దాని పి.హెచ్. సుమారు 5. మానని పుండ్లలో ఇది తరచు 7 దాటును. ఈ మార్పునుబట్టి రంగు మారు పదార్థములను కట్లలో చేర్చుటకు ప్రయత్నములు జరుగుచున్నవి.

ఇట్టి కట్లలో పెక్కు ఇంకను పరిశోధనదశలోనే యున్నవి. గాయపు రసి, రక్తము, దేహపు వేడి నడుమ బుడగలు ఊరక చిట్లకుండ నిలువవలెను. శత్రువు వచ్చినపుడు తప్పక చిట్లవలెను. ఈ రెండును సాధించుటయే శాస్త్రజ్ఞుల ముందున్న పరీక్ష.