స్వతంత్రచిత్రకథలును జనధనసంచయమును

క్రియయందు స్వాతంత్ర్యము గలవాఁడు కర్త యనియు, వానిని ప్రేరేపించువాఁడు ప్రయోజకకర్త యనియు వ్యాకరణశాస్త్రమున వ్యవహారము. ఈ భేదమును గ్రంథప్రచురణమునకు అన్వయించి చూచినచో, పాశ్చాత్యదేశములలో వ్యాపించియున్న "స్వతంత్రచిత్రకథ" యను మాట సులభముగ బోధపడును. ఆంగ్లమున కామిక్సు అనఁబడు చిత్రకథల విషయమున స్వతంత్రశబ్దము ముఖ్యముగ చిత్రరీతినిగాని కథావస్తువునుగాని తెలుపునది కాదు. కథను కల్పించి బొమ్మలు వ్రాసినవాఁడే దానికి స్వామియై, అచ్చువేయించుట, వెల నిర్ణయించుట, విక్రయించుట మొదలగు క్రియలయందును తానే కర్తగా నుండుటను తెలుపును.

అమెరికాలో ఈ స్వాతంత్ర్యము పూర్వము మిక్కిలి యరుదు. ప్రకాశకుఁడు ప్రయోజకుఁడు, చిత్రకారుఁడు పుటకింత యని కూలి పుచ్చుకొని తన హక్కును ఆతనికి వ్రాసి యిచ్చువాఁడు. జెరీ సీగెల్, జో షుస్టర్ అను నిరువురు యువకులు తాము సృజించిన సూపర్‌మ్యాన్ అను వీరునిపై హక్కులను 1938లో 130 డాలరులకు విక్రయించిరి. ఆ వీరుని కథలవలన ఇతరులు అపారమైన ధనము గడించిరి. సృష్టికర్తలు చిరకాలము పోరాడి, తుదకు 1975లో ఒక్కొక్కరికి సాలునకు 20,000 డాలరుల భరణమును, ఆ కథలపైఁ దమ పేరులు వేయు గౌరవమును పొందఁగలిగిరి. హక్కు మాత్రము వారికి మఱల రాలేదు.

ఇట్టి గతి తప్పించుకొనుటకు స్వీయప్రచురణ మొక మార్గము. కాని దానికి మూలధనము కావలయును. అచ్చుపని లెక్క యిట్టిది: ఫలకములను సిద్ధపఱచుట, యంత్రమును సరిచేయుట మొదలగు ప్రారంభవ్యయము నూఱు ప్రతులకైనను పదివేల ప్రతులకైనను ఇంచుమించుగ సమానము. కావున ప్రతులు పెరిగినకొలఁది ఒక్కొక్కదానికగు వ్యయము తగ్గును. అయితే ఎక్కువ వేసి అమ్ముడుపోకున్నచో పెట్టిన సొమ్ము మునుఁగును. తక్కువ వేసినచో వెల హెచ్చి కొనువారుండరు. ఎన్ని ప్రతులు కావలయునో ముందుగ నెఱుఁగుటయే ఇందలి చిక్కు.

1973లో ఫిల్ స్యూలింగ్ అను వర్తకుఁడు నెలకొల్పిన పద్ధతి ఈ చిక్కును కొంత సడలించెను. అంతకుముందు అంగడివారు అమ్ముడుపోని ప్రతులను తిరిగి పంపుచుండిరి. ఆతని పద్ధతిలో వారు అధికమైన తగ్గింపు పొంది, తిరిగి పంపు హక్కును వదలుకొనిరి. అందువలన చిన్న ప్రకాశకులకును సాహసింప వీలు కలిగెను. 1984లో కెవిన్ ఈస్ట్‌మన్, పీటర్ లెయిర్డ్ అను మిత్రులు, ప్రభుత్వమునుండి తిరిగివచ్చిన పన్ను సొమ్మును, ఒకరి పినతండ్రి యిచ్చిన యప్పును చేర్చి, నాలుగు తాఁబేళ్ల కథను సుమారు 3,000 ప్రతులు అచ్చువేయించిరి. అదియే పిమ్మట లోకప్రసిద్ధమైన నింజా తాఁబేళ్ల కథ. 1991లో జెఫ్ స్మిత్ "బోన్" అను కథను ప్రారంభించి, 55 సంచికలలో 2004లో ముగించెను. ఆతని భార్య విజయా అయ్యర్ వ్యాపారభారమును వహించెను. తరువాత ఒక పెద్ద సంస్థ ఆ గ్రంథమును రంగులలో ప్రకటించెను. అయినను హక్కు స్మిత్‌నందే నిలిచినది.

పినతండ్రి యప్పు దొరకనివారికి గతి యేమి? దీనికి సమాధానముగ వచ్చినదే జనధనసంచయము. ఇది స్వరూపమున క్రొత్తది కాదు. ఇంగ్లండున పోప్ కవి తన ఇలియడ్ అనువాదమును 1715 మొదలు 1720 వఱకు ఆఱు సంపుటములుగ వెలువరించినప్పుడు, ఆఱు గినీల చొప్పున చందాలు కూర్చుకొనెను. చందాదారుల నామావళి గ్రంథముతోడనే ముద్రితమైనది. 2009లో అమెరికాలో వెలసిన కిక్‌స్టార్టర్ అను సంస్థ ఈ ప్రాఁతపద్ధతినే అంతర్జాలమునకు ఎక్కించి, ఒక నియమమును చేర్చినది. గ్రంథకర్త తనకు కావలసిన మొత్తమును, గడువును ముందుగ ప్రకటింపవలయును. గడువులోపల ఆ మొత్తము పూర్తిగ సమకూడినచో సొమ్ము ఆతనికి చేరును; ఒక్క డాలరు కొఱవడినను ఎవ్వరివద్దను ఏమియు వసూలు కాదు. సఫలమైనచో సంస్థ నూటికి 5 వంతులు గ్రహించును; సొమ్ము చేరవేయు ఖర్చు వేఱు. ఈ నియమమువలన ప్రతుల లెక్క అచ్చునకు ముందే తెలియును.

ఈ పద్ధతి బలమును, భారమును ఒక్క యుదాహరణమునందే చూడవచ్చును. రిచ్ బర్లూ అనునాతఁడు 2003 మొదలు అంతర్జాలమున ఉచితముగ ఒక హాస్యచిత్రకథను ప్రకటించుచు, సంపుటములను తానే అచ్చువేయించుచుండెను. చెల్లిపోయిన సంపుటమొకదానిని మఱల ముద్రించుటకు 2012లో 57,750 డాలరులు కోరఁగా, 14,952 మంది 12,54,120 డాలరులు సమకూర్చిరి. కాని సొమ్ము పెరిగినకొలఁది ఆతఁడు వాగ్దానములను గూడ పెంచియుండెను: క్రొత్త కథలు, చిత్రములు, నానావిధములైన కానుకలు. అదే సంవత్సరమున ఆతని చేతికి గాయమయ్యెను. వాగ్దానములను తీర్చుటకు ఏండ్లు పట్టినది. ధనము నెలలోఁ బోగుపడెను గాని, ఆ ధనము కోరిన పని మాత్రము ఒక్కని చేతిమీఁదనే నిలిచినది.

ఇట నొక శబ్దవివేచన ఆవశ్యకము. పలువురు ఈ ధనమును విరాళమని వాడుదురు. విరాళమైనచో ఇచ్చినవానికి ప్రతిఫలము కోరు హక్కు లేదు. అప్పందమా, తిరిగి చెల్లింపవలసిన నియమము లేదు. భాగస్వామ్యమందమా, లాభమున పాలు లేదు. అంగడిమూల్యమందమా, వస్తువింకను పుట్టలేదు. కావున దీనిని పూర్వమూల్యమనుట యుక్తము: పుట్టఁబోవు గ్రంథమునకు, కర్త మాట నమ్మి ముందుగ నిచ్చిన వెల. నమ్మిక దీని ప్రాణము. ఒకఁడు మాట తప్పినచో నష్టము వాని పాఠకులతోఁ బోదు. తరువాత చేయిచాఁచు క్రొత్త చిత్రకారునికిని తలుపు మూయఁబడును.

అందువలన ఈ మార్గము నవలంబించువారు కథను ముగించిన పిమ్మటనే ధనము కోరుటయు, తపాలాఖర్చును ముందే లెక్కించుటయు, కానుకలను మితముగ నుంచుటయు మేలు. ప్రయోజకుఁడు తొలఁగి రచయిత స్వతంత్రకర్త యగుట గొప్పలాభమే. అయితే ఆ వాక్యమున సంప్రదానము గూడ నున్నది. గ్రంథ మెవరికొఱకో, ఆ పాఠకుని చేతికి అది చేరినప్పుడే కర్త పని ముగిసినట్లు.