ఊపిరిగొట్టంలో వేరుశనగ గింజ
నాడీయంత్రం నుండి నేటి బ్రాంకోస్కోపు వరకు

వేరుశనగ పండిన యేడు మా అనంతపురం సీమలో ఏ ఇంటికి వెళ్లినా చేటలో నాలుగు కాయలు ముందు పెట్టందే మాట మొదలు కాదు. వానలు మొహం చాటేసే ఈ పీఠభూమిలో రైతును నిలబెట్టేదీ, పడగొట్టేదీ ఆ పంటే. మేము బుడ్డలనీ, శెనక్కాయలనీ పిలుచుకునే ఆ గింజ ఒక పసివాని ప్రాణం మీదికి తెచ్చిన సంఘటననూ, అందులో నేను చేసిన పొరపాటునూ పాఠకులకు నిష్కపటంగా విన్నవిస్తున్నాను.

సుమారు ఇరవై సంవత్సరాల క్రితం ఒక అవ్వ రెండేళ్ల మనుమణ్ణి చంకనెత్తుకొని వచ్చింది. "సామీ, పిల్లోనికి దగ్గు తగ్గల్యా. రాత్రయితే పిల్లికూతలు" అన్నది. నేను కఫకాసమని నిర్ణయించి, సితోపలాది చూర్ణం తేనెలో రంగరించి నాకించమన్నాను. తగ్గినట్లే తగ్గి తిరగబెట్టింది. మందు మార్చాను. మరొక వారం గడిచింది. మూడవసారి వచ్చినప్పుడు బిడ్డ వీపుకు చెవి ఆనించి విన్నాను. ఎడమవైపు ఊపిరి చక్కగా ఆడుతున్నది. కుడివైపు చప్పుడు సన్నగిల్లింది. మొదటి రోజే అడగవలసిన ప్రశ్న అప్పుడు అడిగాను. "అమ్మా, ఈ దగ్గు ఏం చేస్తుండగా మొదలైంది?"

"కాయలు ఒలుస్తా ఉంటిమి సామీ. పక్కన కూచోని తింటా ఉండె. ఉన్నట్టుండి ఉక్కిరిబిక్కిరై, మళ్ల సర్దుకున్యాడు."

శరీరంలో చొరబడి బాధించే పరాయి వస్తువును మా శాస్త్రం శల్యమంటుంది. నేను శల్యానికి కాసచికిత్స చేస్తున్నానని అప్పటికి అర్థమైంది. ఆ రోజే వారిని వెంటబెట్టుకొని బెంగళూరులోని ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్లాను. బిడ్డకు మత్తు ఇచ్చి, నోటి ద్వారా గొట్టం దించి, కుడి ఊపిరితిత్తికి పోయే శాఖ నుండి అర గింజను వెలికి తీశారు. బిడ్డ బ్రతికాడు.

గింజను పట్టే విద్య

ఆనాడు ఆ శస్త్రవైద్యుడు తన పరికరాన్ని నా చేతికిచ్చి చూపించాడు. వేరుశనగ గింజను పట్టడం నాణేన్ని పట్టడం వంటిది కాదట. లోపలి తేమకు గింజ ఉబ్బుతుంది. దానిలోని నూనె వల్ల చుట్టూ వాపు పుడుతుంది. గట్టిగా పట్టితే చిట్లి, ముక్కలు ఇంకా సన్నని శాఖలలోకి జారుతాయి. వదులుగా పట్టితే గింజే జారుతుంది. అందుచేత దీనికి వాడే పట్టుకారు నోరు చిన్న దొప్పల జతవలె ఉండి, గింజను నలపకుండా ఇముడ్చుకుంటుంది. నాణేలకూ, గుండుసూదులకూ మొసలినోటి వంటి పళ్ల పట్టుకారు వేరే ఉన్నది.

ఈ విద్యకు పాశ్చాత్య దేశాలలో 1806లో బొజ్జీని అనే జర్మన్ వైద్యుడు బాట వేశాడు. కొవ్వొత్తి వెలుగును అద్దంతో లోనికి మళ్లించి శరీర రంధ్రాలను పరీక్షించాడు. 1897లో గుస్తావ్ కిలియన్ ఒక రైతు ఊపిరిగొట్టం నుండి ఎముక ముక్కను గొట్టం ద్వారా తీశాడు. అమెరికాలో షెవాలియర్ జాక్సన్ రకరకాల పట్టుకారులను రూపొందించాడు. రోగుల గొంతులనుండి, ఊపిరిగొట్టాలనుండి తీసిన రెండు వేలకు పైగా వస్తువులను భద్రపరచాడు. అవి నేటికీ ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ తరువాత ఇంగ్లండుకు చెందిన హెరాల్డ్ హాప్కిన్స్ సన్నని గొట్టంలో గాజుకడ్డీలు పేర్చి, స్పష్టమైన దృశ్యాన్ని బయటకు తెచ్చే దుర్భిణిని కనుగొన్నాడు. ఆ దుర్భిణిని పట్టుకారుతో జతచేయడం వల్ల, నోరు గింజను కరచుకునే క్షణాన్ని వైద్యుడు కంటితో చూడగలుగుతున్నాడు.

సుశ్రుతుని పాఠం

ఆ పరికరాన్ని పట్టుకున్నప్పుడు గురుకులంలో వల్లె వేసిన యంత్రాధ్యాయం గుర్తుకు వచ్చింది. సుశ్రుతుడు 101 యంత్రాలు చెప్పి, వాటన్నిటిలో చేయే ప్రధానమన్నాడు. అందులో 24 స్వస్తిక యంత్రాలకు సింహం, పులి, కాకి, గ్రద్ద వంటి మృగపక్షుల నోళ్లే ఆకృతి. లోతుకు సులువుగా పోయి, శల్యాన్ని గట్టిగా పట్టి తెచ్చేది గనుక కంకముఖం శ్రేష్ఠమన్నాడు. నాడీయంత్రాలంటే గొట్టాలు, 20 రకాలు. రోగాన్ని చూడడానికీ, మార్గాలలో చిక్కిన శల్యాన్ని తీయడానికీ, పీల్చడానికీ, చికిత్స సులువు కావడానికీ వాటిని చెప్పాడు. సరిగా పట్టకపోవడం, వంకరగా పట్టడం, కీలు వదులు కావడం వంటి 12 యంత్రదోషాలనూ లెక్కించాడు.

ఇదంతా నాకు కంఠస్థం. కాని మా గురుకులంలో ఒక్క యంత్రమైనా చేతితో తాకి ఎరుగను. శ్లోకం మా నోట నిలిచింది, యంత్రం మా చేతి నుండి ఎన్నడో జారిపోయింది. కనుక ఇదంతా మన గ్రంథాలలో ముందే ఉన్నదని తృప్తిపడి కూర్చోవడం నాకు తగదనిపించింది. శల్యమని గుర్తించడం, తీయగలవారి వద్దకు ఆలస్యం చేయక పంపడం నా వంతు.

గృహస్థులకు సూచనలు

ఐదేళ్లు నిండేవరకు పిల్లలకు వేరుశనగ గింజలు పెట్టరాదు. మెత్తగా దంచిన పొడి, ముద్ద పెట్టవచ్చు. పిల్లలు తినేటప్పుడు నవ్వించడం, పరుగెత్తించడం కూడదు.

తింటూ ఉక్కిరిబిక్కిరైన బిడ్డ గట్టిగా దగ్గగలుగుతుంటే దగ్గనివ్వండి. కంటికి కనపడని దానికోసం గొంతులో వేలు పెట్టవద్దు. నీళ్లు, అరటిపండు, అన్నపు ముద్ద మింగించవద్దు. శబ్దం రాక, ఊపిరాడక నీలబడుతుంటే వెంటనే 108కి కబురు చేయించండి. ఈలోగా ఏడాది లోపు శిశువును తల పల్లంగా ముంజేతిపై బోర్లించి రెక్కల నడుమ 5 చరుపులు, వెల్లకిల త్రిప్పి రొమ్ము మధ్య 5 నొక్కులు మార్చి మార్చి ఇవ్వాలి. ఏడాది దాటిన బిడ్డను ముందుకు వంచి వీపుపై 5 చరుపులు వేసి, ఆపై వెనుక నుండి పట్టుకొని బొడ్డు పైన లోపలికీ పైకీ 5 సార్లు నొక్కాలి.

ఉక్కిరిబిక్కిరి సర్దుకున్నదని ఊరుకోవద్దు. ఆ తరువాత దగ్గు, పిల్లికూతలు నిలిస్తే కషాయాలతో కాలం గడపక ఆసుపత్రికి తీసుకుపోండి. ఎక్స్‌రేలో వేరుశనగ గింజ కనపడదు. ఎక్స్‌రే బాగున్నదన్నా, కాయలు తింటుండగా దగ్గు మొదలైన మాట వైద్యునికి తప్పక చెప్పండి.

ఆ అవ్వ ఆ మాట దాచలేదు. నేనే అడగలేదు. నాటినుండి నా వద్దకు దగ్గుతో వచ్చిన ప్రతి పసిబిడ్డ తల్లినీ మొదట ఆ ప్రశ్నే అడుగుతున్నాను.