ఫొటో తీస్తే గుర్తుంటుందా?

కిందటేడు సంక్రాంతికి నానమ్మ అరిసెలు వండుతుంటే నేను 63 ఫొటోలు తీశాను. బెల్లం పాకం పొంగడం, ఆవిడ నీళ్ల గిన్నెలో కాస్త పాకం వేసి, వేళ్లతో ఉండ చేసి చూడడం, అన్నీ ఉన్నాయి. వీడియో మాత్రం ఒక్కటీ లేదు.

ఈ ఏడు నానమ్మ లేదు. పాకం ఎప్పుడూ ఆవిడే పట్టేది. అందుకే అమ్మ నన్ను అడిగింది: "పక్కనే ఉన్నావు కదరా, పాకం ఎప్పుడు దించాలో ఏదో చెప్పింది. ఏం చెప్పింది?" గ్యాలరీ అంతా వెతికాను. నానమ్మ మాట్లాడుతున్నట్టు కనిపించే ఫొటోలే నాలుగున్నాయి. ఒక్క మాటా గుర్తు రాలేదు.

ఇది నా ఒక్కడి మతిమరుపేనా అని వెతికితే, దీని మీద పరిశోధనలే ఉన్నాయని తెలిసింది. అమెరికాలో లిండా హెంకెల్ అనే సైకాలజీ ప్రొఫెసర్ కొందరు స్టూడెంట్స్‌ని మ్యూజియంకి తీసుకెళ్లి, కొన్ని వస్తువుల్ని ఊరికే చూడమన్నారు, కొన్నిటిని ఫొటో తీయమన్నారు. మర్నాడు అడిగితే ఫొటో తీసినవే తక్కువ గుర్తున్నాయి. ఇది 2014లో అచ్చయింది. "కెమెరా దాచిపెడుతుందిలే" అని మెదడు ఆ పని వదిలేస్తుందని ఒక వివరణ. మన సీఎస్ఈ వాళ్ల భాషలో చెప్పాలంటే పాయింటర్ దాచుకున్నాం, డేటా దాచుకోలేదు.

కానీ కథ అంతటితో అయిపోలేదు. 2018లో సోరెస్, స్టార్మ్ అనే ఇద్దరు చేసిన ప్రయోగంలో, తీసిన ఫొటో ఉండదని ముందే తెలిసినా జ్ఞాపకం తగ్గింది. అంటే ఫోన్ మీద నమ్మకం ఒక్కటే కారణం కాదు. ఫొటో తీసే పనిలో పడి అసలు విషయం మీద ధ్యాస తగ్గడం కూడా ఒక కారణం కావచ్చన్నమాట.

ఇంకో విషయం. హెంకెల్ ప్రయోగంలోనే, వస్తువులో ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినవాళ్లకి జ్ఞాపకం తగ్గలేదు. 2017లో వచ్చిన మరో పరిశోధనలో, ఏది తీయాలో తామే ఎంచుకుని తీసినవాళ్లకి చూసినవి బాగా గుర్తున్నాయి. విన్నవి మాత్రం తగ్గాయి.

అది చదివి ఫోన్ పక్కన పెట్టేశా. అచ్చం నా సంగతే. నానమ్మ వేళ్లు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి. మాట మాత్రం చెవి దాకా వచ్చి ఆగిపోయింది.

అలాగని ఫొటోలు మానేయమని నేను చెప్పను. ఆ ఉండ ఫొటోనే జూమ్ చేసి చూసి, ఈసారి అమ్మ పాకం దించింది. అరిసెలు కొంచెం గట్టిగా వచ్చాయి, అయినా అందరం తిన్నాం. నేను పెట్టుకున్న రూల్ ఒక్కటే: చూసేదైతే ఆలోచించి రెండు ఫొటోలు తీస్తా. మనిషి మాట్లాడుతుంటే మాత్రం ఫోన్ జేబులో పెట్టేస్తా.

ఈసారి అమ్మ పాకం పడుతుంటే ఒక్క ఫొటో కూడా తీయలేదు. పక్కన కూర్చుని విన్నాను.