దూడ నడక

తెల్లవారుజామున కొట్టములోనికి పోయిన రైతు చూపు మొదట దూడమీదికి పోవును. ముందటి దినమువఱకు తోక ఎత్తి వాకిలి అంతయు గంతులు వేసిన దూడ, ఆనాడు ఒక కాలు నేలకు ఆనింపక మూలను నిలిచియున్నచో అతని గుండె ఝల్లుమనును. వెంటనే కాలు పట్టుకొని, గిట్టలో ముల్లు విఱిగినదా, రాయి గ్రుచ్చుకొన్నదా అని వెదకును. వెదకుట మంచిదే. ముల్లు దొరకినచో దానిని తీసి, పుండును కడిగి, మందు వేయుటతో చిక్కు తీఱును. ఏమియు దొరకనప్పుడే అసలు కష్టము. లేదూడ కుంటుటకు కారణము అనేక సమయములందు గిట్టలో ఉండదు. బొడ్డులోనో, నోటిలోనో, తొడకండలోనో ఉండును. కాలు ఆ సంగతిని ముందుగా తెలుపును, అంతే.

గుఱ్ఱమునకు ఒక్కొక్క కాలికి ఒకే గిట్ట. ఆవుజాతికి చీలిన గిట్టలు రెండేసి. నాలుగు కాళ్లకు ఎనిమిది. వెనుకవైపున నేలకు తగులని చిన్నగిట్టలు మఱి రెండేసి ఉండును. గిట్టపైనున్న గట్టి పెంకు మన గోరువంటిదే. రెండును కెరటిన్ అను పదార్థముతో ఏర్పడినవి. వెండ్రుకలు ముగిసి గిట్ట మొదలగు అంచునుండి అది నెలకు సుమారు అర సెంటీమీటరు చొప్పున క్రిందికి పెరుగును. గట్టినేలపై తిరుగు పశువునకు పెరిగినంతయు అరిగిపోవును. ఎల్లప్పుడు కట్టివేసిన పశువునకు గిట్టలు పొడవై, కొనలు పైకి వంగి, నడక చెడును. అట్టివానిని చెక్కింపవలసి వచ్చును. పెంకు లోపల ఎముకయు, దానిని కప్పిన మెత్తని పొరయు, నెత్తురు నాళములును, నరములును ఉన్నవి. అందువలన లోపల చీము పట్టినచో అది వెలికి వచ్చు దారి లేక దూడ విలవిలలాడును.

అప్పుడే పుట్టిన దూడ గిట్టలకు మెత్తని పసుపుపచ్చ తొడుగులు ఉండును. కడుపులో దూడ కాళ్లు కదల్చినప్పుడు తల్లి గర్భకోశము గీచుకొనకుండ ప్రకృతి తొడిగిన తొడుగులవి. దూడ లేచి నాలుగడుగులు వేయగానే అవి అరిగి ఊడిపోవ మొదలిడును. వానిని చూచి గిట్ట చెడినదని భయపడి గిల్లి తీయరాదు.

ఇక బొడ్డు సంగతి. తల్లి కడుపులో దూడకు ఆహారము తెచ్చిన బొడ్డుతాడు పుట్టుకతో తెగిపోవును. తెగిన కొన తడిగా ఉన్నంతవఱకు అది తెఱచిన తలుపు వంటిది. పేడ, మూత్రము నిండిన నేలపై దూడ పండుకొన్నచో సూక్ష్మజీవులు ఆ దారిని లోనికి దూరి, నెత్తురులో కలిసి, కీళ్లలో చేరును. కొన్ని దినములలోనే మోకాలో, వెనుకకాలి మడమకీలో వాచి వేడిగా తగులును. దూడ కుంటును, పాలు సరిగా కుడువదు, జ్వరముతో పడియుండును. తల్లి త్రొక్కినదనుకొని కొందఱు కాపడము పెట్టుదురు. మఱికొందఱు వాత పెట్టుదురు. వాతవలన కీలులోని చీము పోదు. కాలినపుండు ఒకటి అదనముగా చేరును. ఆ దూడ బొడ్డును తడిమినచో లావుగా, నొప్పిగా, ఒక్కొక్కప్పుడు దుర్వాసనతో ఉండును. పశువైద్యుడు వాపు మొదలైన తొలిదినములలోనే తగిన మందు ఇచ్చినచో దూడ లేచి తిరుగును. ఆలస్యమైనచో ప్రాణము దక్కినను కీలు దక్కదు. ఆ దూడకు జన్మమంతయు కుంటినడకే.

ఇంత ఆపదను తప్పించుటకు కావలసినవి మూడు: శుభ్రమైన దారము, క్రొత్త బ్లేడు, టింక్చరు అయొడిన్. పొట్టనుండి రెండంగుళముల దూరమున తాడును దారముతో కట్టి, ముడికి దిగువ కత్తిరించి, కొనను టింక్చరులో ముంచవలెను. అది ఎండువఱకు రెండు మూడు దినములు మరల మందు పూయవలెను. పడకకు పొడిగడ్డి పఱచవలెను.

టింక్చరు తలుపును మూయును. లోపల కావలి కాయునది జున్నుపాలు. మానవశిశువునకు రోగమును ఎదిరించు శక్తి కొంత గర్భమందే లభించును. దూడకు అట్లు లభింపదు. తల్లి మొదటి పాలతోనే అది రావలెను. దూడ ప్రేగు ఆ రక్షక పదార్థములను మార్పు చెందనీయక నెత్తురులోనికి పంపగలుగుట తొలి గంటలలోనే. ఒక దినము గడచుసరికి ఆ దారి మూసికొనిపోవును. కావున పుట్టిన రెండు గంటలలోపల దూడ మొదటి పాలు కుడువవలెను. 25 కిలోల దూడకు మొదటి దినమున రెండున్నర లీటర్లు వలయును. మాయ పడువఱకు పాలు కుడువనీయరాదని కొన్నిచోట్ల వాడుక కలదు. అది దూడకు చేటు. జున్ను రుచి ఎఱుగనివారు లేరు. పొరుగిండ్లకు గిన్నెలతో పంపుట మర్యాదయు. గాని దూడ కడుపు నిండినపిదప మిగిలిన పాలే ఆ గిన్నెలలోనికి రావలెను.

బొడ్డుమందు అవసరము కొట్టములకే పరిమితము కాదు. పందొమ్మిదవ శతాబ్దమునుండి ఒంగోలు పశువులు ఓడలపై బ్రెజిల్ దేశమునకు పోయినవి. ఆ కాలమున ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండెను గనుక అచ్చట ఆ జాతికి నెలోర్ అను పేరు నిలిచినది. నేడు ఆ దేశమున మాంసము కొఱకు పెంచు పశువులలో అధికభాగము ఆ సంతతివే. అవి విశాలమైన గడ్డిబీళ్లలో ఈనును. అయినను కాపరి గుఱ్ఱమెక్కి పోయి, అప్పుడే పుట్టిన దూడను పట్టి, బొడ్డుకు మందు పూసి తల్లికడకు విడుచును. అచ్చట ఒక జాతి ఈగ పచ్చిపుండుపై గ్రుడ్లు పెట్టును. వానినుండి పుట్టిన పురుగులు బ్రదికియున్న కండనే తొలుచును. తడి బొడ్డు ఆ ఈగకు అనువైన చోటు.

కాలితోపాటు నోటిని గూడ చూడవలసిన రోగము గాలికుంటు. 1898 ప్రాంతమున జర్మనీ దేశీయులగు లోఫ్లర్, ఫ్రాష్ అను శాస్త్రజ్ఞులు ఈ రోగపు పొక్కునీటిని సూక్ష్మజీవులను సైతము ఆపు వడపోతగుండ పోనిచ్చిరి. వడకట్టిన నీరును రోగమును కలిగించెను. పశురోగములలో వైరసువలన కలుగునదని మొట్టమొదట తేలినది ఇదియే. జ్వరము వచ్చి, నాలుకపైని, చిగుళ్లపైని, గిట్టల సందునను పొక్కులు లేచి చితుకును. పశువు చొంగ కార్చుచు, మేత ముట్టక, కాళ్లు మార్చి మార్చి నిలుచును. పటికనీళ్లతో నోరు కడిగి, పొటాషియం పర్మాంగనేటు కలిపిన నీటితో గిట్టలు కడిగి, ఈగలు వ్రాలకుండ వేపనూనె పూయుదురు. పెద్దపశువులు చాలవఱకు కోలుకొనును. లేదూడ సంగతి వేఱు. వైరసు దాని గుండెకండను పట్టును. ఒక్కొక్కప్పుడు నోట పొక్కైనను కనుపింపకముందే, తల్లిపొదుగుకడ నిలిచిన దూడ నిలిచినట్లే కూలిపోవును. అందువలన ఊరిలో గాలికుంటు ఉన్నదని వినగానే దూడలను వేఱుగా కట్టవలెను. రోగము తగిలిన ఆవుకడ కుడువ విడువరాదు.

దీనికి టీకా కలదు. 2019లో కేంద్రప్రభుత్వము దేశవ్యాప్తముగా ఉచితపు టీకాల కార్యక్రమము ప్రారంభించినది. నాలుగు నెలలు నిండిన దూడకు మొదటిది, నెల దాటిన పిమ్మట రెండవది, అటుపై ఆఱునెలలకు ఒకటి వేయింపవలెను. ఏండ్ల తరబడి పట్టుదలతో టీకాలు వేసిన బ్రెజిల్, 2025లో టీకా అక్కఱలేకయే గాలికుంటు లేని దేశముగా గుర్తింపు పొందినది.

జబ్బవాపు ఆఱునెలలు మొదలు రెండేండ్లవఱకు వయస్సుగల బలిసిన దూడలను ఎక్కువగా పట్టును. తొడయో, జబ్బయో వాచును. చేతితో ఒత్తినచో లోపల కరకరమను చప్పుడు వినవచ్చును. ఒకటి రెండు దినములలో ప్రాణము పోవును. దీని బీజములు మట్టిలో ఏండ్ల తరబడి జీవించును. కావున చనిపోయిన దూడ చర్మమును ఒలువక, సున్నము చల్లి లోతుగా పూడ్చవలెను. టీకా తొలకరికి ముందే వేయింపవలెను.

వానకాలమున బురదలో నానిన గిట్టల సందు చీలి కుళ్లుట సామాన్యము. అది నిజముగా గిట్టకు వచ్చిన రోగమే. నేల పొడిగా ఉంచి, మైలుతుత్తము కలిపిన నీటితో గిట్టలు కడుగుచుండినచో చాలవఱకు రాకుండును.

సంచార పశువైద్య వాహనము కొఱకు 1962 అను సంఖ్యకు ఫోను చేయువారు, దూడ కుంటుచున్నదని మాత్రము చెప్పి ఊరకుండరాదు. ఏ కాలు, ఎన్నాళ్లనుండి, పాలు కుడుచుచున్నదా, బొడ్డు ఎండినదా, నోట చొంగ కారుచున్నదా, వాపు ఎచ్చట ఉన్నది, టీకాలు ఎప్పుడు వేయించిరి అను సంగతులు చూచి చెప్పినచో, వైద్యుడు తగిన మందు వెంట తెచ్చుకొనును.