నీడ తోటలలో కనకాంబరముల సాగు
కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల రైతులకు సూచనలు

మామిడితోటల అంచులను, బావులచెంత చెట్లక్రిందను కొంత నేల వృథాగా పడియుండుట పలువురు రైతులకు అనుభవమే. శీతలదేశపు కొండపూవగు కొలంబైను వంటివి మన యెండలకు నిలువవు. అట్టి చోటులకు దక్షిణభారతమున స్వయముగా పుట్టి పెరిగిన కనకాంబరమే తగినది. దీనికి వాసన లేకున్నను, పూవు తేలికయై త్వరగా వాడదు. కనుక దండలకు మిక్కిలి గిరాకి కలదు.

నీడ: పలుచని నీడ మేలు, పూటయెండయైనను తగులవలయును. చింతక్రింది దట్టపునీడలో ఆకులు పెరుగునుగాని పూలు పూయవు.

నేల: నీరు నిలువని యెఱ్ఱచెలక శ్రేష్ఠము. రేగడిలోనైనచో ఎత్తైన బోదెలపై నాటవలయును. సున్నము హెచ్చుగాగల నేలలో లేతయాకులు పచ్చబారినచో, లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేదిని కలిపి చల్లవలయును.

నారు: పండినకాయ తడి తగిలినంతనే చిట్లి గింజలను చిమ్మును. కావున పక్వమైన వెన్నులను తడి తగులక మునుపే కోసి, గుడ్డకప్పి యుంచవలయును. గుంటకు 50 గ్రాముల క్రొత్తవిత్తు చాలును. జూన్, జూలై నెలలలో నారుపోసి, 60 దినముల మొక్కలను సాళ్ల నడుమ 2 అడుగులు, మొక్కల నడుమ 1 అడుగు ఎడముగా నాటినచో గుంటకు సుమారు 540 మొక్కలు పట్టును. ఢిల్లీ కనకాంబరము విత్తు కట్టదు; దానిని కొమ్మలు నాటి పెంచవలయును.

తెగులు: ఈ పైరునకు ఎండుతెగులే పరమశత్రువు. నులిపురుగులు వేళ్లను గాయపరచగా, ఆ గాయములగుండా బూజు ప్రవేశించి మొక్కను చంపును. తెగులుసోకిన మొక్కను వేళ్లతో పెఱికి కాల్చవలయును; ఆ నీటిని ఇతర సాళ్లకు పాఱనీయరాదు. నాటుటకు ముందు గుంటకు 250 కిలోల చివికిన పశువులయెరువును, 10 కిలోల వేపపిండిని వేయవలయును. చెడిన మడిలో మరల కనకాంబరము వేయక, బంతి వేసినచో నులిపురుగులు తగ్గును.

కోత: నాటిన రెండు మూడు నెలలకు పూత మొదలగును. చలికాలమున, ముఖ్యముగా ఆదిలాబాదు వైపు, పూత తగ్గును. దినము విడిచి దినము తెల్లవారుజామున కోయవలయును. కిలోకు సుమారు 15,000 పూలు పట్టును. కావున ఎంత నేల కలదని గాక, కోయుటకు ఎందఱు కలరని లెక్కించి నాటుట యుక్తము. మొదట ఒక్క గుంటతో ఆరంభించి, ఖర్చును రాబడిని వ్రాసికొని, పిమ్మట విస్తరింపవలయును.